శాంతినికేతన పౌషోత్సవము

వారమనగా మా రేడియోవారికి ఒక పట్టిక. ఏ దినమున ఏ గానము, ఏ ప్రసంగము, ఏ నాటకము, ఒక్కొక్కదానికి ఎన్ని నిమిషములు అను లెక్క గడులలో వ్రాసికొనినగాని మాకు వారము కుదిరినట్లు తోచదు. ఒక వారపు పట్టిక మఱియొక వారమునకు పనికిరాదు. పాతదానిని పక్కన బెట్టి క్రొత్తదానిని సిద్ధము చేయుదుము. కాని నూటముప్పది యేండ్లకు పైబడి మూలము మాఱని వారపు పట్టిక యొకటి మన దేశమున నొక విశ్వవిద్యాలయమునందు కలదు. ప్రార్థన, ప్రసంగము, గానము, సంత అను నాలుగును అందు చేరియున్నవి. అదియే వంగదేశమున బీర్భూము మండలమునందలి శాంతినికేతన పౌషోత్సవము. దాని చరిత్రను గూర్చి నాలుగు మాటలు మనవి చేయ నుద్దేశించితిమి.

ముందుగా ఆ మాసమును గూర్చి చెప్పవలెను. వంగీయులు సౌరమానమును పాటింతురు. సూర్యుడు ధనూరాశియందుండు నెల వారికి పౌషము. మన చాంద్రమానపు పుష్యమాసముతో దానికి సరిగా పొత్తు కుదరదు. మన ధనుర్మాసమే వారి పౌషమనుకొనిన చాలును. మన పల్లెలలో హరిదాసు తలపై పాత్రతో, చేత చిడతలతో మంచులో వీధి వెంట వచ్చు వేళకు, వైష్ణవాలయములలో తిరుప్పావై వినిపించు వేళకు, శాంతినికేతనమున సన్నాయి మ్రోగును. పిదప విద్యార్థులును అధ్యాపకులును పాడుకొనుచు ఆశ్రమమంతయు చుట్టివత్తురు. దానికి వైతాళికమని పేరు. మేలుకొలుపు పాటలు మనకు క్రొత్త కావు. అచ్చట మేల్కొలుపబడువాడు దేవుడు కాడు, మనుష్యుడు. భేదమంతయు ఇంతే.

ఈ ఉత్సవమునకు పౌషము ఏడవ దినమే ఏల యేర్పడినది? దానికి 1843వ సంవత్సరమునకు పోవలెను. రాజా రామమోహనరాయలు 1828లో నెలకొల్పిన బ్రహ్మసమాజము, ఆయన 1833లో ఇంగ్లండులోని బ్రిస్టలునందు పరమపదించిన పిదప, మిక్కిలి క్షీణించియుండెను. ప్రార్థనకు వచ్చువారు వచ్చిరి, పోవువారు పోయిరి; ఇది మాది యని పూని నిలిచినవారు అరుదైరి. అట్టి సమయమున కలకత్తాలో మహాధనికులైన ద్వారకానాథ ఠాకూరుగారి జ్యేష్ఠపుత్రులు దేవేంద్రనాథులు, ఇరువదియాఱేండ్ల ప్రాయమున, మఱి యిరువదిమందితో కలసి రామచంద్ర విద్యావాగీశులవద్ద బ్రహ్మధర్మదీక్షను స్వీకరించిరి. ఆ దినము 1843 డిసెంబరు 21, వంగీయుల లెక్కకు పౌషము ఏడు. వ్రతము పట్టిన మనుష్యులు ఏర్పడిన ఆ దినమునుండియే సమాజము మరల ప్రాణము పోసికొనెను. వీరేశలింగము పంతులుగారి వలనను, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి వలనను బ్రహ్మసమాజము మన తెలుగువారికి పరిచితమే గనుక, ఈ దీక్ష యెట్టిదో మన పాఠకులకు వివరింప పనిలేదు.

ఇరువదియేండ్లు గడచిన పిదప, 1863లో, దేవేంద్రనాథులు బోలుపురము చెంత రాయపురపు భూస్వాములైన సింహా వంశమువారివద్ద ఇరువది బిగాల నేలను శాశ్వతపు కౌలుకు పుచ్చుకొనిరి. మన లెక్కకు అది సుమారు ఆఱున్నర యెకరములు మాత్రమే. ఎఱ్ఱని కంకరనేల; బయలు; అందు చెప్పుకొనదగినవి రెండు చెట్లు మాత్రమే. వానిని వంగీయులు ఛాతిమములందురు, సంస్కృతమున సప్తపర్ణము, మన వాడుకలో ఏడాకులపొన్న. ఆ చెట్లనీడను మహర్షి ధ్యానమునకు కూర్చుండెడివారు. ఆ చోటునకు నేటికిని ఛాతిమతల యని పేరు. పౌషము ఏడవనాటి ఉదయోపాసన అచ్చటనే జరుగును.

ఇంతవరకు ఇది యొక మహనీయుని సొంత కథ. అది అందరి కథ యగుటకు కారణము ఒక దస్తావేజు. 1888లో మహర్షి ఆ నేలను, ఇంటిని ధర్మకర్తలకు అప్పగించుచు ట్రస్టు పత్రమును వ్రాయించిరి. చట్టపు పత్రములను చదువుట సాధారణముగా విసుగు పుట్టించు పని. కాని ఈ పత్రము చదువదగినది. నిరాకారుడైన ఒక్క పరమేశ్వరుని ఉపాసన తప్ప అచ్చట విగ్రహపూజ జరుగరాదు. ఏ మతమునుగాని, ఏ మతస్థులు పూజించు మూర్తినిగాని నిందింపరాదు. మద్యమాంసములు కూడవు. ధర్మభావమును మేల్కొలుపుటకై ధర్మకర్తలు ఏటేట ఒక మేళాను నడుప ప్రయత్నింపవలెను. అన్ని సంప్రదాయముల సాధువులును వచ్చి అందు ధర్మచర్చ చేయవచ్చును. కుత్సితమైన వినోదములు ఉండరాదు. మద్యమును మాంసమును తప్ప ఏ వస్తువునైనను అమ్మవచ్చును, కొనవచ్చును. మేళా వలన రాబడి కలిగినచో దానిని మేళాకో ఆశ్రమోన్నతికో వినియోగింపవలెను. ధర్మకర్తలు అచ్చట బ్రహ్మవిద్యాలయమును, గ్రంథాలయమును స్థాపింపవచ్చును.

పాఠకులు ఈ పత్రమున రెండు మాటలను గమనింపవలెనని మా మనవి. విద్యాలయమును స్థాపింపవచ్చును అనుట అనుమతి. మేళాను నడుప ప్రయత్నింపవలెను అనుట విధి. ధ్యానముచేసికొనువాడు సంతను కోరుట వింతగా తోచవచ్చును. ఉపాసనకును ఉప్పుపప్పులకును ఏమి పొత్తని అడుగువారు ఉందురు. కాని మన దేశమున తిరునాళ్లు జరుగని పుణ్యక్షేత్రమున్నదా? దేవుని చూడ వచ్చినవాడు బిడ్డకు బొమ్మను, ఇంటికి చేటను కొనుక్కొని పోవును. బొమ్మకై వచ్చినవాడు ఒక మంచి మాటను విని పోవును. మహర్షి విగ్రహమును విడిచిరేగాని తిరునాళ్లను విడువలేదు. ఇందు ఆయన లోకజ్ఞత కానవచ్చుచున్నది.

1891లో, పౌషము ఏడవ దినముననే, అచ్చట ఉపాసనామందిరము తెఱవబడెను. ఇనుపచట్రములలో రంగురంగుల గాజుపలకలను బిగించి కట్టిన మందిరమది. అందు విగ్రహము లేదు. వెలుగును గాలియు లోనికి వచ్చుటకు అడ్డు లేదు. మూడేండ్లకు, 1894లో, ఆ మందిరము పక్కనున్న బయలునందు చిన్న మేళా మొదలాయెను. సాయంకాలపు ఉపాసన ముగిసిన పిమ్మట బాణసంచా కాల్చెడివారు. చుట్టుపట్ల పల్లెలవారు వచ్చిరి. సంతాలులు వచ్చిరి. ఏకతార పట్టి పాడు బావులు భిక్షుకులు వచ్చిరి. మేళా పెరిగి పెరిగి ఆ బయలు చాలక, తరువాతి కాలమున పూర్వపల్లి మైదానమునకు మాఱెను.

అప్పటికి అచ్చట పాఠశాల లేదు, విశ్వవిద్యాలయము లేదు. మహర్షి కుమారులు రవీంద్రనాథులు 1901 డిసెంబరు 22న, అనగా మరల పౌషము ఏడవ దినమున, అయిదుగురు బాలురతో బ్రహ్మచర్యాశ్రమ విద్యాలయమును ప్రారంభించిరి. కవిగారి కుమారుడు రథీంద్రనాథుడు ఆ అయిదుగురిలో ఒకడు. 1918 డిసెంబరులో, పౌషోత్సవ దినములలో, విశ్వభారతికి శంకుస్థాపన జరిగెను. 1921 డిసెంబరు 23న, పౌషము ఎనిమిదవనాడు, ఆమ్రకుంజమను మామిడితోపులో ఆచార్య వ్రజేంద్రనాథ శీలుగారి అధ్యక్షతను విశ్వభారతి లోకమునకు అంకితమాయెను. పారిస్ నగరమునుండి తొలి అతిథ్యాచార్యులుగా వచ్చిన సిల్వెన్ లెవీ మహాశయులు అప్పుడు శాంతినికేతనముననే యుండిరి. విశ్వమంతయు ఒక్క గూడుగా నగుచోటు అను అర్థము గల వేదవాక్యమును ఆ సంస్థకు ఆదర్శముగా గైకొనిరి.

తేదీలను వరుసగా చెప్పుటకు కారణము కలదు. సామాన్యముగా ముందు విశ్వవిద్యాలయము పుట్టును. పిదప అది వార్షికోత్సవమును ఏర్పాటు చేసికొనును. ఇచ్చట వరుస తలక్రిందులైనది. ముందు వ్రతము, పిదప చెట్టు, పిదప పత్రము, మందిరము, సంత. వాని వెనుక పాఠశాల. అన్నిటికిని కడపట విశ్వవిద్యాలయము. ఉత్సవమును విశ్వవిద్యాలయము కల్పింపలేదు. ఉత్సవపు ఒడిలో విశ్వవిద్యాలయము పుట్టినది. ఈ సంగతిని మఱచినచో, తరువాత వచ్చిన తగవులు బోధపడవు.

ఇక వారపు క్రమమును చూతము. ఏడవనాడు సన్నాయి, వైతాళికము, ఛాతిమతల ఉపాసన. రవీంద్రనాథులు పలుమాఱు ఆ దినమున ఉపదేశించిరి. ఆయన 1908 డిసెంబరు మొదలుకొని తెల్లవాఱు జామున మందిరమున చేసిన చిన్న చిన్న ప్రసంగములు, తరువాతి వానితో కలసి, ‘శాంతినికేతన్’ పేర పదునేడు భాగములుగా అచ్చుపడెను. మాటలాడినదానిని అచ్చువేసి పాఠకుల చేతికిచ్చుట మా పత్రికకును విధియే గనుక ఈ విషయము మాకు ప్రియమైనది. ఎనిమిదవనాడు విశ్వభారతి స్థాపనదినము. స్నాతకోత్సవము పూర్వము చాల యేండ్లు ఈ దినములలోనే మామిడితోపున జరిగెడిది. పట్టభద్రులకు ఏడాకులపొన్న రెమ్మను ఇచ్చు ఆచారము ఏర్పడెను. మహర్షి నీడకై ఎన్నుకొనిన చెట్టే విద్యార్థి చేతికి పట్టముగా వచ్చినదన్నమాట. తొమ్మిదవనాడు గతించిన ఆశ్రమబంధువులను స్మరింతురు. ఆనాటి భోజనము హవిష్యాన్నము. డిసెంబరు 25న మందిరమున క్రీస్తూత్సవము.

ఈ క్రీస్తూత్సవపు ఉపాసన మాకు అన్నిటికంటెను ఆలోచింపదగినదిగా తోచినది. దేవేంద్రనాథులు క్రైస్తవ ప్రచారమును గట్టిగా ఎదిరించినవారు. 1845లో కలకత్తాలో ఒక యువకుడు భార్యాసమేతముగా మతము మాఱినప్పుడు, మిషనరీ పాఠశాలలకు పోకుండ మన బాలురను నిలుపుటకై పెద్దలను కూడగట్టి ఉచితవిద్యాలయమును పెట్టించినవారు ఆయనయే. 1866లో కేశవచంద్రసేనులు సమాజమునుండి విడిపోయిరి. క్రీస్తును గూర్చి కేశవులకున్న భక్తి దేవేంద్రనాథులకు రుచింపలేదు. అట్టి తండ్రి కట్టించిన మందిరమున, ఆయన 1905లో గతించిన అయిదేండ్లకే, 1910 డిసెంబరు 25న, కుమారుడు క్రీస్తును స్మరించు ఉపాసనను నడిపెను.

ఇది తండ్రిమాటను త్రోసిపుచ్చుటయా? కాదని మా అభిప్రాయము. ఏ మతమును నిందింపరాదని పత్రమున వ్రాయించినవారు తండ్రియే. నిందింపకుండుట తొలిమెట్టు, గౌరవించుట మలిమెట్టు. తండ్రి మొదటిదానిపై నిలిచిరి. కుమారుడు రెండవదానికి ఎక్కిరి. 1901లో పాఠశాలను నిలుపుటకు తోడ్పడిన బ్రహ్మబాంధవ ఉపాధ్యాయులు కాషాయము ధరించిన కతోలిక సన్న్యాసి. 1914 మొదలు కడవఱకు ఆశ్రమమును తన యిల్లుగా చేసికొనిన దీనబంధు ఆండ్రూసు ఇంగ్లండునుండి వచ్చిన క్రైస్తవుడు. వీరి జీవితమే ఆ ఉపాసనకు వ్యాఖ్యానము. మైనపువత్తులు వెలిగించి, వంగభాషా గీతములతోబాటు క్రిస్మసు పాటలను పాడు ఆ సాయంకాలముతో, మేలుకొలుపు పాటతో మొదలైన ఉత్సవము నిండును.

తెలుగువారికి ఈ ఆశ్రమముతో గల సంబంధము తక్కువది కాదు. రాయప్రోలు సుబ్బారావుగారు అచ్చటికి వెళ్లి రవీంద్రుల సాన్నిధ్యమును పొందిరి. బెజవాడ గోపాలరెడ్డిగారు అచ్చట చదివి, తరువాత రవీంద్రుల కృతులను తెనుగున ప్రచారము చేసిరి. పిఠాపురాస్థాన వైణికులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణను విని ముగ్ధులై రవీంద్రులు వారిని శాంతినికేతనమునకు పిలిపించుకొనిరి. 1933 డిసెంబరులో రవీంద్రులు వాల్తేరునకు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున మానవుని గూర్చి ఉపన్యసించిరి. ఆ ఉపన్యాసములు ‘మ్యాన్’ అను పేర 1937లో వెలువడెను. సకల మానవులయందును ఉన్న ఏకమానవుని గూర్చి అచ్చట చెప్పిన మాటలకును, పౌషోత్సవమున ఏటేట జరుగుదానికిని భేదము లేదు. ఒకటి సిద్ధాంతము, ఒకటి ఆచరణము.

ఉత్సవము చరిత్రలో చీకటి దినములును కలవు. 1943 డిసెంబరునకు మహర్షి దీక్షకు సరిగా నూఱేండ్లు నిండెను. శతాబ్దోత్సవము వైభవముగా జరుగవలసిన సంవత్సరమది. కాని వంగదేశమంతట ఆ యేడు కరవు తాండవించెను. లక్షలజనము తిండిలేక మడిసెను. ఆ యేడు మేళా జరుగలేదు. నూఱవ పౌషమున అంగడి తెఱవలేదు. 1946లో, కలకత్తా, నవఖాళి మారణకాండల పిమ్మట, మరల ఆగెను. ఆకలిగొన్న జనుల నడుమ మేళా జరుపకుండుట మేళాకు అపచారము కాదు. మనుష్యుని గౌరవించుటకై పుట్టిన ఉత్సవము మనుష్యునికై మౌనము వహించుటయే యగును.

విశ్వభారతి 1951లో పార్లమెంటు చట్టముచే కేంద్ర విశ్వవిద్యాలయమాయెను. దానితో ఉత్సవమునకు ఇద్దఱు పెద్దలేర్పడిరి. ఒకవైపున పాతపత్రమునకు కట్టుబడిన ట్రస్టు, ఒకవైపున ప్రభుత్వధనముతో నడచు సంస్థ. మేళాకు లక్షలమంది రాసాగిరి. చెత్త, పొగ, రణగొణధ్వని పెరిగెను. జాతీయ హరిత న్యాయాధికరణము నియమములు విధించెను. పాఠములు చెప్పవలసినవారు చెత్తయెత్తించు బాధ్యతను మోయవలసివచ్చెను. 2020 ఆగస్టులో మేళా మైదానమునకు గోడ కట్టబూనగా, ప్రజలు గుంపుగా వచ్చి కట్టడమును కూల్చివేసిరి. ఆ యేడు మహమ్మారి వలన మేళా లేదు. తరువాతి రెండేండ్లును పూర్వపల్లిలో జరుగలేదు. 2023లో జిల్లా అధికారులు పూర్వపల్లి మైదానమున దానిని నడిపిరి. 2024లో మరల విశ్వభారతియు ట్రస్టును కలసి నడిపిరి. నడుమ, 2023 సెప్టెంబరులో, యునెస్కో శాంతినికేతనమును ప్రపంచవారసత్వ స్థలముగా ప్రకటించెను.

ఈ తగవులో ఇరుపక్షములకును న్యాయము కలదు. విద్యాలయమునకు నిశ్శబ్దము కావలెను, శుభ్రత కావలెను, లెక్కలు సరిగా నుండవలెను. ఇవి చిన్న కోరికలు కావు. మఱియొకవైపు, ఏడాది పొడుగున నేసిన బట్టను, కాల్చిన కుండను, చెక్కిన బొమ్మను ఆ నాలుగు దినములలో అమ్ముకొని యింటికి పోవు కుటుంబములున్నవి. ఆచార్యుల ఉపన్యాసము అర్థము కాకున్నను బావుల పాటను విని తల ఊపు పల్లెటూరివాడు ఉన్నాడు. వానికి విశ్వవిద్యాలయ ద్వారము తెఱచియుండునది ఆ దినములలోనే.

పాతపత్రమే ఇందు తీర్పు చెప్పుచున్నదని మాకు తోచుచున్నది. మేళా విశ్వవిద్యాలయము దయతో ఇచ్చిన వినోదము కాదు; దానికంటె ముప్పదిమూడేండ్ల ముందు వ్రాయబడిన విధి. అదేవిధముగా కుత్సితమైనదానికి తావులేదన్న మాటయు అందే యున్నది. సంత పేర కేవలము లాభమును, రభసను పెంచువారికి ఆ పత్రమున ఆధారము లేదు. ఉపాసన లేక సంత మాత్రమే మిగిలినచో అది యే యూరి అంగడియైనను కావచ్చును. సంత లేక ఉపాసనయు ఉపన్యాసమును మాత్రమే మిగిలినచో అది కొందఱు పెద్దమనుష్యుల సభ యగును. రెండును ఒక్కచోట నుండవలెనని, ఒకదానికొకటి హద్దుగా నుండవలెనని, రెండు చెట్లనీడను కూర్చుండిన ఒక వృద్ధుడు తలంచెను.

మన విశ్వవిద్యాలయములలోను వారోత్సవములు జరుగుచున్నవి. ఉపన్యాసములుండును, కచేరీలుండును, పెద్దలు వత్తురు, పోదురు. ఆ దినములలో ప్రహరీ బయటనున్న వానికి లోనికి వచ్చుటకు ఏదేని కారణమున్నదా యని నిర్వాహకులు ఒక్కమాఱు ప్రశ్నించుకొందురుగాక. రేడియో నడుపు మేమును ఆ ప్రశ్ననుండి తప్పించుకొనజాలము. పట్టిక వ్రాయుటకు కూర్చుండినప్పుడెల్ల, ఇందు చదువరికేమున్నది అని మాత్రమే కాక, చిడతల హరిదాసునకేమున్నది, కుండల వానికేమున్నది అనియు మమ్ము మేము ప్రశ్నించుకొనుటకు శాంతినికేతనపు పౌషము మాకు గురువైనది.